నిర్దోషిగా బయటికొచ్చాక ప్రభుత్వం నుంచి పరిహారం రాబట్టడం ఎలా

కేసు కొట్టేశారు కాబట్టి జైల్లో గడిపిన ఏళ్లకు ప్రభుత్వమే లెక్కగట్టి డబ్బిస్తుందని చాలా కుటుంబాలు అనుకుంటాయి. ఇవ్వదు. తప్పుడు కేసులో జైలుపాలైనవారికి పరిహారం ఇవ్వాలనే చట్టం మన దేశంలో ఇప్పటికీ లేదు. ఉన్నవి విడివిడి దారులు: హైకోర్టులో రిట్ (హక్కులకు భంగం కలిగిందని నేరుగా వేసే పిటిషన్), సివిల్ కోర్టులో దావా, మానవ హక్కుల కమిషన్‌కు ఫిర్యాదు, మేజిస్ట్రేటు ఇప్పించగల చిల్లర. ఒక్కోదానికి గడువు వేరు, రుజువు వేరు. ఈ తేడాలు తెలియకపోవడం వల్లే నిజంగా నష్టపోయినవాళ్లు కూడా ఉత్త చేతులతో తిరిగొస్తారు.

ఒక మాట ముందే మనసులో పెట్టుకోండి. నిర్దోషిగా తేలినందుకు పరిహారం రాదు. ఎవరు ఏ తప్పు చేయడం వల్ల మీరు లోపల ఉండాల్సి వచ్చిందో చూపిస్తేనే వస్తుంది. కింద చెప్పేదంతా ఆ తప్పును కాగితం మీద నిలబెట్టే పనే.

ఎంత వస్తుందనేదానికి తూకం లేదు. బిహార్‌లో రుదుల్ షా 1968 జూన్‌లో నిర్దోషిగా తేలి 1982 అక్టోబర్ దాకా జైల్లోనే ఉండిపోయాడు. 1983లో సుప్రీంకోర్టు తీర్పుతో అతనికి దక్కింది మొత్తం 35,000 రూపాయలు, అంటే రోజుకు 7 రూపాయల లోపు. ఆయేషా మీరా హత్య కేసులో ఇరుక్కున్న సత్యంబాబు ఎనిమిదేళ్లకు పైగా జైల్లో ఉన్నాక 2017 మార్చి 31న హైకోర్టు అతన్ని నిర్దోషిగా విడుదల చేస్తూ ఇప్పించింది లక్ష రూపాయలు. రోజుకు 35 రూపాయలు కూడా పడలేదు. ఇస్రో శాస్త్రవేత్త నంబి నారాయణన్ దాదాపు 50 రోజులు కస్టడీలో ఉన్నారు. 2018లో సుప్రీంకోర్టు ఆయనకు 50 లక్షలు ఇవ్వమంది. ఆయనకు ఎక్కువ ఇచ్చారని కాదు, మిగతావాళ్లకు ఏ లెక్కన ఇచ్చారో చెప్పే పట్టిక ఎక్కడా లేదని. పట్టిక లేదు కాబట్టి మీ లెక్క మీరే వేసుకుని కోర్టు ముందు పెట్టాలి.

ముందు మీది ఏ రకమో తేల్చుకోండి

జైల్లో గడిపిన కాలమంతా చట్టం దృష్టిలో ఒకటే కాదు. ఒక కాగితం మీద అడ్డగీత గీసి, పోలీసులు పట్టుకెళ్లిన రోజు నుంచి ఇల్లు చేరిన రోజు వరకు తేదీలు వేసుకుని, మూడు ముక్కలు చేయండి.

మొదటిది స్టేషన్లో ఉంచిన కాలం. పట్టుకున్న 24 గంటల్లోపు, దారి ప్రయాణం మినహాయించి, మేజిస్ట్రేటు ముందు పెట్టాలని రాజ్యాంగం 22వ అధికరణ, బీఎన్ఎస్ఎస్ (పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన క్రిమినల్ ప్రొసీజర్ చట్టం) 58వ సెక్షన్ చెబుతున్నాయి. సోమవారం తీసుకెళ్లి గురువారం అరెస్టు చూపిస్తే, మధ్యలో ఉన్నది అక్రమ నిర్బంధం. కేసు చివరికి ఏమైనా సరే, శిక్ష పడినా సరే, ఈ ముక్కకు విడిగా అడగొచ్చు.

రెండోది విడుదల కావాల్సి ఉండీ కాని కాలం: బెయిలు ఆర్డరు వచ్చినా వదలకపోవడం, శిక్ష పూర్తయినా, కేసు కొట్టేసినా లోపలే ఉంచడం. మూడింటిలో రుజువు చేయడానికి తేలికైనది ఇదే, ఎందుకంటే రెండు తేదీలు చాలు. 2025లో గాజియాబాద్ జైలు ఒక వ్యక్తిని బెయిలు ఆర్డరులో ఒక ఉపసెక్షన్ రాయలేదన్న సాకుతో దాదాపు నెల రోజులు ఆపింది. సుప్రీంకోర్టు ఉత్తరప్రదేశ్ ప్రభుత్వం చేత 5 లక్షలు కట్టించింది. మీకూ అలాంటి రోజులుంటే ఆ ముక్కను వేరుగా తీసి ముందు పెట్టండి.

మూడోది మేజిస్ట్రేటు రిమాండు మీద, తర్వాత శిక్ష మీద ఉన్న కాలం. పెద్ద ముక్క ఇదే, కష్టమైనదీ ఇదే. రిమాండు కోర్టు ఆర్డరు కాబట్టి ‘అక్రమంగా బంధించారు’ అంటే నిలబడదు. ‘దురుద్దేశంతో, సరైన ఆధారం లేకుండా కేసు నడిపారు’ అని చూపాలి. సాక్ష్యం పుట్టించారు, అనుకూలంగా ఉన్న సాక్ష్యాన్ని దాచారు, ఒప్పుకోలు కొట్టి రాయించారు అనేవి ఈ కోవలోకి వస్తాయి.

గడువులు: ఎక్కువ కేసులు పోయేది ఇక్కడే

దావాల గడువులు చెప్పే లిమిటేషన్ చట్టంలో రెండు అధికరణలు గుర్తుంచుకోండి. 73 ప్రకారం అక్రమ నిర్బంధానికి నష్టపరిహార దావా వేసేందుకు గడువు ఒక ఏడాది, అదీ నిర్బంధం ముగిసిన రోజు నుంచి. 74 ప్రకారం దురుద్దేశపూరిత కేసుకు కూడా ఏడాదే, కానీ అది మీరు నిర్దోషిగా విడుదలైన రోజు నుంచి, లేదా కేసు మరోలా ముగిసిన రోజు నుంచి.

చిక్కు మొదటిదాంట్లో ఉంది. స్టేషన్లో మూడు రోజులు అక్రమంగా ఉంచారు, తర్వాత బెయిలు వచ్చింది, కేసు ఆరేళ్లు నడిచింది. ‘కేసు తేలాక చూద్దాం’ అని ఆగితే ఆ మూడు రోజులకు దావా హక్కు ఐదేళ్ల కిందటే పోయినట్టు.

ప్రభుత్వం మీద దావా వేయాలంటే సీపీసీ (సివిల్ ప్రొసీజర్ కోడ్) 80వ సెక్షన్ కింద రెండు నెలల ముందు నోటీసు ఇవ్వాలి. ఆ నోటీసు కాలాన్ని లిమిటేషన్ చట్టం 15(2) మినహాయిస్తుంది. ఉదాహరణకు 2025 జనవరి 10న తీర్పు వస్తే గడువు 2026 జనవరి 10. ఈలోపు నోటీసు ఇచ్చి ఉంటే మార్చి 10 దాకా వెసులుబాటు ఉంటుంది. దాన్ని నమ్ముకుని చివరి వారం దాకా కూర్చోవద్దు. తీర్పు వచ్చిన నెలలోనే నోటీసు పంపేయండి. ప్రభుత్వం అప్పీలుకు వెళ్లినా మీ లెక్క మొదటి విడుదల తేదీ నుంచే వేసుకోవడం క్షేమం. కింది కోర్టు శిక్ష వేసి పై కోర్టు కొట్టేస్తే మాత్రం పై కోర్టు తీర్పు తేదీ నుంచి.

హైకోర్టు రిట్‌కు రాసిపెట్టిన గడువు లేదు. అయినా ఆలస్యానికి కారణం అడుగుతారు. మానవ హక్కుల కమిషన్ మాత్రం ఘటన జరిగి ఏడాది దాటితే విచారణకు తీసుకోదు. 1993 నాటి మానవ హక్కుల పరిరక్షణ చట్టం 36(2) ఆ మాట చెబుతుంది.

రిట్ వేసి నాలుగేళ్లు ఎదురుచూశాక ‘వాస్తవాల మీద వివాదం ఉంది, సివిల్ కోర్టుకు వెళ్లండి’ అని పిటిషన్ మూసేసిన సందర్భాలు ఉన్నాయి. అప్పటికి దావా గడువు అయిపోయి ఉంటుంది. లిమిటేషన్ చట్టం 14వ సెక్షన్ కింద ఆ కాలాన్ని మినహాయించమని వాదించొచ్చు, కానీ అది వాదన మాత్రమే, హామీ కాదు. అందుకే రిట్ వేసేవాళ్లు కూడా 80వ సెక్షన్ నోటీసు అదే నెలలో పంపి, దావా గడువు దాటకుండా కాసుకోవాలి.

కాగితాలు కూడబెట్టడం

తీర్పు వచ్చిన రోజే కోర్టులో కాపీ అప్లికేషన్ పెట్టండి. ఒక్క తీర్పు కాదు, ఇవన్నీ సర్టిఫైడ్ నకళ్లు కావాలి: ఎఫ్ఐఆర్, మొదటి రిమాండు రిపోర్టు, రిమాండు పొడిగింపులు, బెయిలు పిటిషన్లూ ఆర్డర్లూ, ఛార్జిషీటు, పంచనామాలు, సాక్షుల వాంగ్మూలాలు, ముఖ్యంగా దర్యాప్తు అధికారి క్రాస్ ఎగ్జామినేషన్. చాలామంది తీర్పు ఒక్కటే తీసుకుని వెళ్లిపోతారు. రికార్డు సెషన్స్ కోర్టు నుంచి హైకోర్టుకు వెళ్లిపోయాక నకళ్ల కోసం నెలలు తిరగాలి. గడువు తీరిన రికార్డులను కోర్టులు నాశనం కూడా చేస్తాయి.

జైలు సూపరింటెండెంటుకు దరఖాస్తు చేసి కస్టడీ సర్టిఫికెట్ తీసుకోండి. దీన్ని చేతిలోకి తీసుకోగానే మడిచి జేబులో పెట్టుకోకండి, అక్కడే చదవండి. లోపలికి వచ్చిన తేదీ, క్రైం నంబరు, రిమాండు చేసిన కోర్టు, పోలీసు కస్టడీకి ఇచ్చిన రోజులు, మధ్యంతర బెయిలు మీద బయట ఉన్న రోజులు, విడుదల తేదీ, విడుదల కారణం ఉండాలి. తప్పు ఎక్కువగా దొర్లేది పీటీ వారెంటు (జైల్లో ఉన్నవారిని మరో కేసులో కోర్టుకు రప్పించే వారెంటు) దగ్గర. ఒక కేసులో లోపల ఉండగా మరో స్టేషన్ వాళ్లు పీటీ వారెంటు మీద రెండో కేసులోనూ అరెస్టు చూపిస్తే, సర్టిఫికెట్‌లో ఆ రోజులు ఒకే క్రైం నంబరు కింద కలిసిపోతాయి. అప్పుడు జీపీ (ప్రభుత్వ లాయరు) కౌంటర్లో, అంటే జవాబు అఫిడవిట్‌లో, ‘పిటిషనర్ ఈ కేసులో కాదు, వేరే కేసులో జైల్లో ఉన్నాడు’ అని రాస్తారు, దానికి మీ దగ్గర జవాబు ఉండదు. క్రైం నంబరు వారీగా రోజులు విడగొట్టి ఇమ్మని లిఖితపూర్వకంగా అడగండి. జైలు ఆసుపత్రి రికార్డు కూడా అదే దరఖాస్తులో అడగండి. లోపలికి వచ్చిన రోజు ఒంటి మీద దెబ్బలుంటే రాసి ఉండేది అందులోనే.

స్టేషన్లో అక్రమంగా ఉంచిన రోజులకు రుజువు తొందరగా కరిగిపోతుంది. 2020 డిసెంబర్ 2న పరమ్‌వీర్ సింగ్ సైనీ కేసులో సుప్రీంకోర్టు ప్రతి స్టేషన్లో సీసీ కెమెరాలు పెట్టాలని, దృశ్యాలు 18 నెలలు, కనీసం ఏడాది దాచాలని చెప్పింది. ఫలానా తేదీ ఉదయం 10 నుంచి ఫలానా తేదీ సాయంత్రం 6 దాకా, లాకప్, ప్రవేశద్వారం, రైటర్ గది కెమెరాల దృశ్యాలు భద్రపరచమని ఎస్పీకి, కోర్టుకు రాయండి. ‘మొత్తం ఫుటేజీ ఇవ్వండి’ అంటే తిరస్కరించడం సులువు. ఆ రోజుల్లో ఎస్పీకి, కలెక్టరుకు మీ ఇంటివాళ్లు పంపిన వాట్సాప్ సందేశాలు, మెయిళ్లు, స్పందన లేదా ప్రజావాణిలో ఇచ్చిన అర్జీ రసీదు ఇవన్నీ పనికొస్తాయి. అధికారిక అరెస్టుకు రెండు రోజుల ముందే జిల్లా ఎడిషన్లో ‘పోలీసుల అదుపులో నిందితుడు’ అని వార్త వచ్చి ఉంటుంది. పేపరు ముక్క ఒక్కటే రుజువు కాదు గానీ మిగతావాటికి దన్నుగా నిలుస్తుంది.

సమాచార హక్కు దరఖాస్తు ఫీజు జిల్లా కార్యాలయాల్లో 10 రూపాయలు, మండల స్థాయిలో 5, గ్రామ స్థాయిలో లేదు. జవాబుకు గడువు 30 రోజులు. దీంతో అడగాల్సిన మంచి కాగితం ఒకటుంది, లాయర్లు కూడా మరచిపోతుంటారు. 2014లో కిషన్‌భాయ్ కేసులో సుప్రీంకోర్టు, ప్రతి కేసు కొట్టేసినప్పుడూ ఎందుకు పోయిందో సమీక్షించి, తప్పు చేసిన దర్యాప్తు అధికారుల బాధ్యత తేల్చే ఏర్పాటు ఉండాలని అన్ని రాష్ట్రాలకూ చెప్పింది. మీ కేసు మీద ఆ సమీక్ష జరిగిందా, నోట్ ఫైలు ఏది, ఎవరి మీద చర్య తీసుకున్నారు అని హోంశాఖను, పోలీసు కార్యాలయాన్ని అడగండి. సమీక్ష జరిగి ఉంటే అది మీకు ఆయుధం. జరగలేదంటే అదీ మీకు ఆయుధమే.

తీర్పును ఎలా చదవాలి

చివరి పేరా చూసి సంతోషపడితే సరిపోదు. ‘ప్రాసిక్యూషన్ అనుమానానికి తావులేకుండా రుజువు చేయలేకపోయింది, సంశయ లబ్ధి ఇస్తున్నాం’ అని ఉంటే పరిహారానికి దారి ఇరుకు. సాక్షులు ఎదురు తిరిగారు కాబట్టి కొట్టేశామన్నా అంతే. ‘పంచనామా స్టేషన్లో కూర్చుని రాశారు’, ‘రికవరీ నమ్మదగింది కాదు’, ‘దర్యాప్తు అధికారి కావాలని వదిలేశాడు’ లాంటి వాక్యాలుంటే వాటికి పేరా నంబరు వేసి పసుపు రంగు పూయండి. మీ రిట్ అఫిడవిట్‌కు వెన్నెముక అవే. 2006లో సుబే సింగ్ కేసులో సుప్రీంకోర్టు పెట్టిన కొలత ఏమిటంటే, హక్కుల ఉల్లంఘన వివాదానికి తావులేనంత స్పష్టంగా, ఘోరంగా ఉన్నప్పుడే రిట్‌లో డబ్బు ఇప్పిస్తారు. కోర్టే తీర్పులో రాసిన మాటకన్నా వివాదం లేని రుజువు ఏముంటుంది?

కేసు ఇంకా నడుస్తున్నవాళ్లకు ఇక్కడే ఒక పని ఉంది. తుది వాదనలప్పుడు బీఎన్ఎస్ఎస్ 352 కింద లిఖితపూర్వక వాదనలు ఇవ్వొచ్చు. పాత కేసయితే సీఆర్‌పీసీ 314. ‘శిక్ష వేయవద్దు’ అని ఆపేయకుండా, దర్యాప్తులో జరిగిన తప్పుల మీద నిర్ధారణ రాయమని విడిగా అడగండి. కోర్టు రాయకపోవచ్చు. అడగకపోతే అసలే రాయదు. తీర్పు అయ్యాక ఆ వాక్యాన్ని పుట్టించడం ఎవరి వల్లా కాదు.

గుజరాత్‌లోని అక్షర్‌ధామ్ గుడి మీద దాడి కేసులో 2014లో సుప్రీంకోర్టు దర్యాప్తును తీవ్రంగా తప్పుబడుతూ నిందితులను విడుదల చేసింది. వాళ్లు పరిహారం అడిగితే 2016లో అదే కోర్టు కాదంది. కాబట్టి తీర్పులో మంచి మాటలున్నా డబ్బు ఖాయమని ఎవరికీ చెప్పకండి, ముఖ్యంగా మీకు అప్పిచ్చినవాళ్లకు.

లెక్క కట్టడం

‘కోటి రూపాయలు ఇప్పించండి’ అని గుండుగుత్తగా అడిగిన పిటిషన్‌కు, పద్దు పద్దుగా అడిగిన పిటిషన్‌కు జడ్జి ఇచ్చే సమయం ఒకేలా ఉండదు. ఒక నమూనా చూడండి. తాపీ మేస్త్రీ, 2021 మార్చి 14న అరెస్టు, 2023 సెప్టెంబర్ 2న విడుదల. రెండు రోజులనూ కలుపుకుంటే 903 రోజులు, అంటే 29 నెలల 20 రోజులు.

కూలి రోజుకు 700, నెలకు 24 పనిదినాలు అనుకుంటే 29 నెలలకు 696, మిగిలిన 20 రోజులకు 16, మొత్తం 712 పనిదినాలు: 4,98,400.
లాయరు ఫీజులు, రసీదులున్నంత మేరకు: 1,80,000.
బెయిలు, ఇంటి ఖర్చుల కోసం చేసిన 2 లక్షల అప్పుకు నూటికి 2 రూపాయల వడ్డీ, 30 నెలలకు: 1,20,000.
ములాఖత్‌కు నెలకు రెండుసార్లు, 58 రాకపోకలు, ఒక్కోదానికి 340: 19,720.
మొత్తం 8,18,120.

ఇది చేతి నుంచి పోయిన డబ్బు మాత్రమే. స్వేచ్ఛ పోయినందుకు, పరువు పోయినందుకు, ఆరోగ్యం చెడినందుకు అడిగే మొత్తం దీనికి కింద వేరే పద్దుగా ఉండాలి, రెండూ కలపొద్దు. కోర్టు రెండోదాన్ని తగ్గించినా మొదటిది నిలుస్తుంది.

ఎక్కువమంది చేసే తప్పు ఒకే డబ్బును రెండుసార్లు రాయడం. లాయరు ఫీజు అప్పు తెచ్చి కట్టి, ఫీజూ రాసి, అప్పు అసలూ రాస్తే క్రాస్‌లో దొరికిపోతారు. అందుకే పై లెక్కలో వడ్డీ మాత్రమే ఉంది. కూలికి రుజువు లేకపోతే ఆ పనికి ఆ ఏడాది ప్రభుత్వం నోటిఫై చేసిన కనీస వేతనం పట్టుకోండి. ఉపాధి హామీ జాబ్ కార్డు, మేస్త్రీ హాజరు పుస్తకం, బ్యాంకు పాస్‌బుక్, కౌలు కాగితం ఏదున్నా జతచేయండి. నోటుమీద తెచ్చిన అప్పయితే ప్రామిసరీ నోటు నకలు, వడ్డీ చెల్లింపులు వెనక రాసిన పేజీ కూడా కావాలి. పిల్లలు బడి మానేస్తే టీసీ తేదీ, ఇల్లు అమ్మితే రిజిస్ట్రేషన్ తేదీ పక్కపక్కన పెట్టండి. ఎవరి వల్ల ఏం పోయిందో తేదీలే చెబుతాయి.

రిట్ వేసేటప్పుడు

రాజ్యాంగం 226వ అధికరణ కింద హైకోర్టులో వేయాలి. ప్రతివాదులుగా హోంశాఖ ముఖ్య కార్యదర్శి ద్వారా రాష్ట్ర ప్రభుత్వం, డీజీపీ, జిల్లా ఎస్పీ లేదా కమిషనర్, స్టేషన్ హౌస్ ఆఫీసర్ ఉండాలి. జైలు వైపు తప్పుంటే సూపరింటెండెంటునూ చేర్చాలి. ఒక అధికారికి దురుద్దేశం అంటగడితే ఆయన్ను హోదాతో కాక పేరుతో ప్రతివాదిగా చేర్చాలి. చేర్చకపోతే ఆ ఆరోపణను కోర్టు పట్టించుకోదు. అలాగని స్టేషన్లో ఉన్న ప్రతి కానిస్టేబుల్ పేరూ రాస్తే నోటీసులు అందేసరికే ఏడాది పోతుంది. ఎవరి చేతి సంతకం ఏ కాగితం మీద ఉందో వాళ్లనే తీసుకోండి.

కౌంటర్లో ‘సార్వభౌమ అధికారంతో చేసిన పనికి ప్రభుత్వం బాధ్యత వహించదు’ అనే పాత పాట, 1965 నాటి కస్తూరిలాల్ తీర్పు వస్తాయి. దానికి జవాబు 1993 నాటి నీలబతి బెహెరా తీర్పు, అప్పటి మన కర్నూలు జిల్లా, ఇప్పటి నంద్యాల జిల్లా కోయిలకుంట్ల సబ్‌జైలు కేసు. 1977లో ఆ సబ్‌జైలు మీద బాంబుదాడి జరిగి రిమాండులో ఉన్న తండ్రి చనిపోగా కొడుకు బయటపడ్డాడు. 2000లో చల్లా రామకృష్ణారెడ్డి కేసులో సుప్రీంకోర్టు, ప్రాథమిక హక్కులకు భంగం కలిగినచోట సార్వభౌమ రక్షణ పనికిరాదని తేల్చి పరిహారాన్ని నిలబెట్టింది. గడువు విషయంలోనూ ఆ తీర్పు చదవదగ్గది. చట్టం ప్రకారం ప్రభుత్వోద్యోగి చేసిన పనికి ఉండే పొట్టి గడువు అక్కడ వర్తించదని, మూడేళ్ల సాధారణ గడువు వర్తిస్తుందని అందులో ఉంది. మీ కేసు వాస్తవాలు దానికి సరిపోతాయో లేదో లాయరుతో కూర్చుని చూడండి.

డబ్బుతోపాటు అడగాల్సినవి ఇంకా ఉన్నాయి. ఆ కేసు పేరుతో పోలీసు స్టాండింగ్ ఆర్డర్ 601 కింద రౌడీషీటు తెరిచి ఉంటే మూసేయమని, స్వాధీనం చేసుకున్న ఫోను, బండి, నగదు తిరిగిమ్మని, పాస్‌పోర్టు వెరిఫికేషన్‌కు విడుదల సంగతి రికార్డులో ఎక్కించమని అడగండి. పరిహారం రాకపోయినా ఇవి వస్తే రేపటి నుంచి బతుకు కాస్త తేలికవుతుంది. ఖర్చు భరించలేనివాళ్లు 15100కు ఫోన్ చేసి లేదా జిల్లా న్యాయసేవాధికార సంస్థకు వెళ్లి లాయరును పెట్టించుకోవచ్చు. ఎస్సీ, ఎస్టీలు, మహిళలు, జైల్లో ఉన్నవాళ్లకు ఆదాయంతో పనిలేదు. జైల్లో ఉండగానే ఈ దరఖాస్తు పెడితే ఆదాయం సర్టిఫికెట్ గొడవ ఉండదు.

దావా వేసేటప్పుడు

80వ సెక్షన్ నోటీసు ప్రభుత్వ కార్యదర్శికి గానీ జిల్లా కలెక్టరుకు గానీ, అధికారులను ప్రతివాదులు చేస్తే విడిగా వాళ్లకూ వెళ్లాలి. అందులో మీ పేరు, వివరం, చిరునామా, ఏం జరిగింది, ఏం కోరుతున్నారు తప్పనిసరిగా ఉండాలి. నోటీసులో లేని కారణాన్ని దావాలో కొత్తగా పెడితే అభ్యంతరం వస్తుంది. అందిన రసీదు జాగ్రత్త.

డబ్బు దావాకు కోర్టు ఫీజు అడిగిన మొత్తాన్ని బట్టి పెరుగుతుంది. కోటి అడగాలన్న ఉత్సాహం కోర్టు ఫీజు లెక్క చూశాక చల్లారుతుంది. ఫీజు కట్టే స్తోమత లేకపోతే సీపీసీ ఆర్డర్ 33 కింద నిరుపేదగా అనుమతి అడగండి. ఆ దరఖాస్తు పెట్టిన తేదీనే దావా వేసిన తేదీగా లెక్కిస్తారు, కాబట్టి విచారణ ఆలస్యమైనా గడువు పోదు. ఆస్తుల జాబితాలో అరెకరం దాచినా దరఖాస్తు కొట్టేస్తారు.

రుజువు చేయాల్సినవి నాలుగు: కేసు పెట్టించి నడిపించింది ప్రతివాదే, అది మీకు అనుకూలంగా ముగిసింది, సహేతుకమైన కారణం లేదు, దురుద్దేశం ఉంది. మూడోది, నాలుగోది ఒకటే అనుకుని ఒకే సాక్ష్యంతో సరిపెడతారు, అక్కడ ఓడిపోతారు. ఆధారం లేకపోవడాన్ని రికార్డు చూపిస్తుంది. దురుద్దేశానికి పాత తగాదా, భూమి గొడవ, ముందు ఇచ్చిన ఫిర్యాదు లాంటివి బయటి నుంచి తేవాలి. రిట్‌లో కొంత వచ్చినా దావాకు అడ్డులేదు, వచ్చినదాన్ని ఇక్కడ సర్దుబాటు చేస్తారు.

చిన్న దారులు

మానవ హక్కుల కమిషన్‌కు ఫీజు లేదు, లాయరు అక్కర్లేదు. సిఫారసు మాత్రమే చేస్తుంది, ప్రభుత్వం చేత కట్టించలేదు. ఒకే విషయం మీద జాతీయ కమిషన్‌కూ రాష్ట్ర కమిషన్‌కూ రెండుచోట్లా పెడితే ఒకటి మూసేస్తుంది. అయినా కమిషన్ విచారణ నివేదిక రిట్‌లో బాగా అక్కరకొస్తుంది.

కారణం లేకుండా అరెస్టు చేయించినవారి చేత మేజిస్ట్రేటు ఇప్పించగల పరిహారం బీఎన్ఎస్ఎస్ 399 కింద గరిష్ఠంగా 1,000 రూపాయలు. సీఆర్‌పీసీలో 2005 సవరణకు ముందు అది 100 ఉండేది. కొత్త చట్టం రాస్తూ కూడా ఆ అంకెను ముట్టుకోలేదు. అప్పట్లో 1,000కి వచ్చే బియ్యం బస్తా ఇప్పుడు రాదన్న సంగతి ఎవరికీ తట్టలేదు కాబోలు.

బాధితుల పరిహార పథకానికి, అంటే బీఎన్ఎస్ఎస్ 396కు, దరఖాస్తు పెట్టి రోజులు వృథా చేసుకోకండి. అది నేరానికి గురైనవాళ్లకు. తప్పుడు కేసులో ఇరుక్కున్న ముద్దాయి ఆ నిర్వచనంలోకి రాడని వెనక్కి పంపుతారు.

ఆర్డరు వచ్చాక చెల్లించకపోతే గడువు ముగిసిన వెంటనే హోంశాఖకు ఆర్డరు నకలుతో వినతి ఇచ్చి, అప్పటికీ కదలకపోతే కోర్టు ధిక్కార పిటిషన్ వేయండి. దానికీ ఏడాదే గడువు.

చట్టం రావాలని అడిగేవాళ్లు ఏం రాయాలి

2007 మక్కా మసీదు పేలుడు తర్వాత పట్టుకెళ్లిన హైదరాబాద్ యువకులకు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం పరిహారం ఇచ్చింది. నిర్దోషులుగా తేలినవారికి తలా 3 లక్షలు, పట్టుకుని వదిలేసినవారికి తలా 20,000. 2013లో హైకోర్టు ఆ ఉత్తర్వులను కొట్టేసి, ఇచ్చింది వెనక్కి తీసుకోమంది. జీవోతో ఇచ్చింది దయ, అది ఒక్క పిటిషన్‌తో పోతుంది. ఎమ్మెల్యే దగ్గరికో మంత్రి దగ్గరికో ‘మా వాడికి సాయం చేయండి’ అని వెళ్లేవాళ్లు ఈ సంగతి తెలుసుకుని వెళ్లాలి. అడగాల్సింది చట్టం.

రాష్ట్రమే చేయొచ్చు. క్రిమినల్ ప్రొసీజర్ ఉమ్మడి జాబితాలో ఉంది. అసెంబ్లీ సవరణ చేసి, కేంద్ర చట్టంతో పొసగని చోట రాజ్యాంగం 254(2) కింద రాష్ట్రపతి ఆమోదం తీసుకుంటే ఆ రాష్ట్రంలో చెల్లుతుంది. ‘కేంద్రం చూసుకోవాలి’ అని ఎవరైనా తప్పించుకుంటే ఈ అధికరణ నంబరు చెప్పండి. ముసాయిదా కోసం వెతకనక్కర్లేదు. ఢిల్లీ హైకోర్టు 2017లో అడగ్గా, లా కమిషన్ 2018 ఆగస్టులో 277వ నివేదిక ఇచ్చింది. జిల్లాకో ప్రత్యేక కోర్టు, నిర్ణీత కాలంలో తీర్పు, మధ్యంతర సాయం, వారసులూ అడిగే హక్కు అందులో ఉన్నాయి. అది అప్పటి నుంచీ అలాగే ఉంది. 2025 జులైలో ఉరిశిక్ష పడిన ఒక తమిళనాడు ఖైదీని విడుదల చేస్తూ సుప్రీంకోర్టు కూడా ఈ చట్టం సంగతి శాసనసభలు ఆలోచించాలని అంది.

ఆ నివేదికలో ఒక లోటుంది, మీ వినతిపత్రంలో దాన్ని పూడ్చండి. అది పోలీసుల, ప్రాసిక్యూషన్ దురుద్దేశం చుట్టూ తిరుగుతుంది. ఎవరి దురుద్దేశమూ లేకుండా పొరపాటు గుర్తింపు వల్లో, తప్పు ల్యాబ్ రిపోర్టు వల్లో పదేళ్లు పోయినవాడు దాని బయటే ఉండిపోతాడు. జర్మనీలో అన్యాయంగా జైల్లో ఉన్న ప్రతి రోజుకూ మానసిక నష్టం కింద 75 యూరోలని 2020లో చట్టంలోనే రాశారు. ఆదాయ నష్టం దానికి అదనం. మన వినతిలోనూ మూడు అంకెలు ఖాళీ వదలకుండా రాయండి: రోజుకు కనీసం ఎంత, ఎన్ని నెలల్లో ఇవ్వాలి, ఆలస్యమైతే వడ్డీ ఎంత. ప్రభుత్వం ముందు చెల్లించి, తర్వాత తప్పు చేసిన అధికారి నుంచి రాబట్టుకోవాలని నాలుగో వాక్యం చేర్చండి. వరస తిరగేసి, అధికారి దగ్గర రాబట్టాకే ఇస్తామంటే ఆ డబ్బు మీ మనవల కాలానికి వస్తుంది.

వినతిని న్యాయశాఖ కార్యదర్శికి, అసెంబ్లీ పిటిషన్ల కమిటీకి, మీ ఎమ్మెల్యేకు ప్రైవేటు మెంబర్ బిల్లు పెట్టమని కోరుతూ మూడుచోట్ల ఇచ్చి, మూడింటికీ రసీదు తీసుకోండి. 30 రోజులు ఆగి, దాని మీద ఏం చర్య తీసుకున్నారో సమాచార హక్కు కింద 10 రూపాయలు కట్టి అడగండి.